విపత్తు నుండి పరిశోధన సమాచార రక్షణ: వర్చువల్ మెషిన్ల ప్రతిరూపీకరణ

2000 ఆగస్టులో కురిసిన భారీ వర్షాలకు హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ దిగువనున్న అశోక్‌నగర్, దాని పరిసర లోతట్టు ప్రాంతాలు నీట మునిగాయి. అటువంటి చోట ఒకే సర్వర్ గదిలో పరిశోధన సమాచారమంతా ఉంటే ఒక్క రాత్రిలో అది నశించవచ్చు. సర్వర్‌ను మళ్ళీ కొనవచ్చును గాని, గడచిన ఖరీఫ్‌లో క్షేత్రంలో నమోదైన కొలతలను మళ్ళీ పొందలేము. రెండవ నకలు అదే నగరంలో ఉంటే అదీ సురక్షితం కాదు.

అందుకే భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రధాన డేటా సెంటర్‌ను న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ గణాంక పరిశోధన సంస్థలో ఉంచి, విపత్తు పునరుద్ధరణ కేంద్రమైన 'కృషి మేఘ్'ను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ పరిశోధన నిర్వహణ అకాడమీలో నెలకొల్పింది. ఇది 2020 ఆగస్టు 11న ప్రారంభమైంది. ఈ రెండు నగరాలూ వేర్వేరు భూకంప మండలాలకు చెందినవి.

పనిచేసే విధానం: వర్చువల్ మెషిన్ అనగా ఒకే సర్వర్‌పై సాఫ్ట్‌వేర్ రూపంలో నడిచే స్వతంత్ర కంప్యూటర్. మొదట దాని పూర్తి నకలును దూర కేంద్రానికి పంపి, ఆపై మారిన భాగాలను మాత్రమే నిర్ణీత వ్యవధులలో పంపుతారు.

దూరం ప్రభావం: ఢిల్లీ, హైదరాబాద్‌ల మధ్య సరళరేఖలో దూరం సుమారు 1,250 కి.మీ. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. కనుక సంకేతం పోయి రావడానికి కనీసం 12 మిల్లీసెకన్లు పడుతుంది. ప్రతి నమోదూ ఈ ధ్రువీకరణకై వేచి ఉంటే డేటాబేస్ మందగిస్తుంది. కావున ఇంత దూరానికి అసమకాలిక పద్ధతి అనుకూలం. అయితే చివరి కొన్ని నిమిషాల సమాచారం పోయే అవకాశాన్ని అంగీకరించవలసి ఉంటుంది.

విస్తరణకు అనువైన రూపకల్పన: ఉదాహరణకు 100 వర్చువల్ మెషిన్లలో ఒక్కొక్కదానిలో రోజుకు 10 గిగాబైట్లు మారితే, సగటున సెకనుకు సుమారు 93 మెగాబిట్ల లింకు కావాలి. రద్దీ వేళలలో ఇంకా ఎక్కువ అవసరం. మెషిన్ల సంఖ్య పెరిగేకొద్దీ అన్నింటికీ ఒకే వ్యవధి పాటించడం వ్యర్థం. క్షేత్ర పరీక్షల డేటాబేస్‌ను 15 నిమిషాలకు ఒకసారి, ప్రచురణల వెబ్‌సైటును రోజుకు ఒకసారి పంపితే సరిపోతుంది. పరస్పరం ఆధారపడిన మెషిన్లను ఒకే సమూహంగా, ఒకే క్షణపు స్థితిలో నకలు చేయాలి. పునరుద్ధరణలో మొదట డేటాబేస్‌ను, తరువాత అప్లికేషన్‌ను ప్రారంభించాలి.

జాగ్రత్తలు: పొరపాటున తొలగించిన ఫైలు నకలులోనూ తొలగిపోతుంది. కనుక పాత పునరుద్ధరణ బిందువులతో పాటు ప్రత్యేక బ్యాకప్ కూడా అవసరం. నకలు నుండి మెషిన్లను నిజంగా నడిపి చూసే అభ్యాసాన్ని క్రమం తప్పక నిర్వహించాలి. పరీక్షించని నకలు, మొలక శాతం చూడని విత్తనం వంటిది.