పూర్వచరిత్రను విచారించు విధము

క్రిందటి వేసవి సెలవులలో మా పాఠశాల బస్సునకు ఒక డ్రైవరు కావలసి వచ్చెను. దరఖాస్తు పెట్టినవారిలో మలక్‌పేట నివాసియగు ఒక నడివయస్కుడు మాకు మిక్కిలి నచ్చెను. లైసెన్సు సరిగా నుండెను, మాట నెమ్మది, పూర్వపు యజమానులును మంచివాడనియే చెప్పిరి. అయినను బిడ్డలను అప్పగింపబోవు మనిషి గనుక, మాలో నొకరు కోర్టుల దాఖలాలను అంతర్జాలమున వెదకగా, ఒక కొట్లాట కేసులో అతని పేరే గల ముద్దాయి కనబడెను. నిప్పు లేనిదే పొగ రాదని కొందరు తలయూచిరి. ఆ సాయంకాలమే అతనిని వలదని పంపివేయుటకు సిద్ధపడితిమి, కాని పంపలేదు. పిమ్మట ఏమి జరిగెనో చెప్పుటకు ముందు, ఇట్టి విచారణకు గల మార్గములెవ్వియో తలిదండ్రులకును పెద్ద తరగతుల విద్యార్థులకును విశదపరచుట యుక్తమని తలంచుచున్నాము.

ఈ విచారణ పాఠశాలలకు వేడుక కాదు, విధి. లైంగిక నేరముల నుండి బాలలను రక్షించుటకు 2012లో చేయబడిన చట్టము ననుసరించి 2020లో నియమములు వెలువడినవి. వానిని బట్టి, బాలలతో నిత్యము సంబంధము గల ప్రతి సంస్థయు, ఉపాధ్యాయులేమి, ఇతర సిబ్బందియేమి, ఖాయపువారేమి, కాంట్రాక్టువారేమి, ఎల్లర పూర్వచరిత్రను పోలీసులచే ఎప్పటికప్పుడు విచారింపజేయవలెను. గృహస్థులకు ఇట్టి నిర్బంధము లేకపోయినను, ఇంట పనిమనిషిని పెట్టుకొనునప్పుడు, మేడమీది గదిని అద్దెకిచ్చునప్పుడు, ఇదే ప్రశ్న వారికిని ఎదురగును.

కొందరు తలంచునట్లు, ఒక కిటికీ యొద్దకు పోయి పరుని పేరు చెప్పి, అతని నేరచరిత్ర నంతయు వ్రాయించుకొని వచ్చు మార్గము మన దేశమున సామాన్యునకు లేదు. ఇంగ్లాండులో ఈ పనికై 2012లో ప్రత్యేక సంస్థ నొకదానిని నెలకొల్పిరి. మనకు అట్టిది లేదు. మన దాఖలాలు మూడు తెగలు: ఎల్లరు చూడదగినవి, ఎవరిది వారే కోరదగినవి, పరులకు మూయబడినవి. ఏది ఏ తెగలోనిదో తెలిసినచో సగము శ్రమ తప్పును.

ఎల్లరు చూడదగిన వానిలో మొదటివి కోర్టు దాఖలాలు. ఈ-కోర్టుల అంతర్జాల పుటలో జిల్లాను, కోర్టును, సంవత్సరమును, పక్షకారుని పేరును తెలిపినచో, కేసు నడచుచున్నదో ముగిసినదో రుసుము లేకయే కనుగొనవచ్చును. మన ప్రాంతమువారు ఇచట ఒక సంగతి గమనింపవలెను. మలక్‌పేట హైదరాబాదు జిల్లాలోనిది. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలోనివి. ముసారాంబాగు దాటి కొంచెము దూరము నడచిన మాత్రమున జిల్లా మారును, కోర్టు మారును. నగరపు క్రిమినలు కోర్టులు పెక్కు నాంపల్లి యందును, రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్.బి.నగరు నందును ఉన్నవి. కావున ఒకచోట వెదకి మరియొకచోట వెదకనివాని విచారణ సగపు విచారణయే. పోలీసు కమిషనరేట్ల హద్దులును పలుమార్లు మారినవి. ఏ వీధి ఏ ఠాణాకు చెందునో ఠాణాలోనే అడిగి తెలిసికొనుట మేలు. తీర్పు నకలు కావలసినచో కోర్టున దరఖాస్తు చేయవలెను. ఆ వ్యాజ్యములో పక్షము కానివారు కారణము తెలిపి అనుమతి కోరవలెను.

రెండవవి ప్రథమ సమాచార నివేదికలు, ఎఫ్.ఐ.ఆర్. అని వాడుక. ఫిర్యాదు చేసినవారికి దీని నకలును ఉచితముగా ఇయ్యవలెను. 2016 సెప్టెంబరులో సుప్రీముకోర్టు ఇచ్చిన ఆజ్ఞ ననుసరించి, వ్రాసిన 24 గంటలలో దీనిని పోలీసుల అంతర్జాల పుటలో ఉంచవలెను. స్త్రీలపైనను బాలలపైనను జరుగు లైంగిక నేరములు మొదలగు సున్నితమైన కేసులకు ఈ నియమము వర్తింపదు. అయితే ఇది ఆరోపణమే గాని తీర్పు కాదని మరువరాదు.

ఇంకను కొన్ని కలవు. ఎన్నికలలో నిలుచువారు తమపై గల క్రిమినలు కేసులను ప్రమాణపత్రమున తెలుపవలెనని 2002లో సుప్రీముకోర్టు ఆదేశించెను. ఆ పత్రములను ఎన్నికల సంఘము ఎల్లరకు అందుబాటున ఉంచుచున్నది. ఇల్లు అమ్మజూపువాడు నిజమైన యజమానియా యను సందేహము కలిగినచో, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ననుసరించి, స్థిరాస్తి దస్తావేజుల పట్టికను ఎవరైనను రుసుము చెల్లించి చూడవచ్చును, ఈ.సీ. యని జనులు పిలుచు పత్రము ఇందుండి వచ్చునదే. జనన మరణముల రిజిస్టరును 1969 నాటి చట్టము క్రింద ఎవరైనను వెదకించి నకలు కోరవచ్చును. కాని ఆ నకలులో మరణకారణమును తెలుపరాదు. దాఖలాలు తెరచి యుంచిన చట్టమే మర్యాదకొక గడపను కట్టినదని ఇందువలన గ్రహింపవచ్చును.

ఇక రెండవ తెగ. పోలీసు ధ్రువపత్రము ఎవరిది వారే కోరవలసినది. విదేశమున ఉద్యోగమునకో నివాసమునకో పోవు మనవారు పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా కోరవలెను. మన ప్రాంతమునకు సికింద్రాబాదులోని ప్రాంతీయ కార్యాలయము దిక్కు. దీనికి రుసుము 500 రూపాయలు. దేశములోని ఉద్యోగమునకైనచో నివాసస్థలపు పోలీసుశాఖకు దరఖాస్తు చేసికొనవలెను. గుర్తింపుపత్రము, నివాసమునకు రుజువు, ఛాయాచిత్రము, ఏ పనికి కావలెనో తెలుపు కాగితము సిద్ధముగా నుంచుకొనవలెను. పోలీసులు తమ దాఖలాలను చూచి, అవసరమైనచో ఇంటికి వచ్చి విచారింతురు. ఈ నడుమ దళారులు చొరబడుదురు. మా పూర్వ విద్యార్థిని యొకతె విదేశమున నర్సుపనికి పోవుచు, త్వరలో తెప్పింతునన్న యొకనికి వేల రూపాయలిచ్చెను. ఆ పత్రము బూటకమని తేలుటచే ఆమె ప్రయాణము నెలల కొలది ఆగిపోయెను. సరియైన దారి ఆలస్యముగా తోచినను అదియే దగ్గరి దారి.

మూడవ తెగ దాఖలాలు పరులకు మూయబడినవి. లైంగిక నేరములలో శిక్షపడినవారి జాతీయ పట్టిక 2018లో ఏర్పడినది. అమెరికాలో ఇట్టి పట్టికలను జనులు చూడవచ్చును గాని, మన దేశమున పోలీసులు మొదలగు అధికారులకే ఆ వీలు కలదు. బాల్యమున తప్పు చేసినవారి విషయమున చట్టము మరింత దయగలది. 2015 నాటి బాలన్యాయ చట్టము, ముగిసిన కేసులలో బాలుని దాఖలాను నడవడి పత్రము కొరకైనను పోలీసులు వెల్లడింపరాదని శాసించుచున్నది. సమాచార హక్కు చట్టము 2005లో వచ్చినది కదా, దానిచే పొరుగువాని చరిత్రను తెప్పింపరాదా యని అడుగవచ్చును. పది రూపాయల రుసుముతో దరఖాస్తు చేసినచో 30 దినములలో సమాధానము రావలెనన్న మాట నిజమే. మన దరఖాస్తు ఏమయ్యెనో, కార్యాలయము ఎట్లు నడచుచున్నదో దానిచే అడుగవచ్చును. పరుల వ్యక్తిగత సమాచారమునకు మాత్రము ఆ చట్టములోనే మినహాయింపు కలదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము దానిని మరింత బిగించినది.

ఇంత జాగ్రత్త యేలయని అడుగువారికి మన తెలుగునాటి చరిత్రయే సమాధానము. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసెను. 1911 తరువాత అది మద్రాసు రాజధానికిని వ్యాపించెను. ఎరుకలవారు మొదలగువారు ఏ తప్పును చేయకయే, పుట్టిన కులమును బట్టి పోలీసు రిజిస్టరుల కెక్కిరి. హాజరు చెప్పవలెను, అనుమతి లేక ఊరు దాటరాదు. బాపట్ల ప్రాంతమందలి స్టువర్టుపురము అట్లు ఏర్పడిన సెటిల్మెంటే. దానిని నడిపినది సాల్వేషను ఆర్మీ యను మిషను సంస్థ. ఆ చట్టము 1952లో రద్దయ్యెను గాని, ఆ ఊరి పేరు చెప్పిన మాత్రమున అనుమానించు చూపు అంత త్వరగా రద్దుకాలేదు. రిజిస్టరులో తప్పుగా వ్రాసిన యొక్క పంక్తి మనుమల కాలము వరకును వెన్నాడును.

పేరు ఒక్కటే చాలదని పోలీసులును ఏనాడో గ్రహించిరి. 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము నెలకొల్పబడెను. ఆ ముద్రలను వర్గీకరించు పద్ధతిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను మన దేశీయులు ముఖ్యముగా పాటుపడిరి. పేర్లు కలియును, వ్రేలిముద్రలు కలియవు.

ఇప్పుడు మా డ్రైవరు సంగతి. అతనిని పిలిచి కాగితమును ముందుంచి, దీనికి మీరేమందురని అడిగితిమి. అతడు చాలసేపు చూచి, "అయ్యా, ఇది నేను కాదు. ఈ పేరుతో మా వీధిలోనే ముగ్గురము ఉన్నాము" అనెను. కేసు వివరములను మరల చూడగా తండ్రిపేరు వేరు, నివాసము వేరు. అతడే దరఖాస్తు చేసికొని పోలీసు ధ్రువపత్రమును తెచ్చి ఇచ్చెను. అందు అతనిపై ఏ కేసును లేదు. మేము సిగ్గుపడవలసినది మరియొకటి కలదు. ఆ కొట్లాట కేసును చివరివరకు చదువగా, అందలి ముద్దాయి నిర్దోషియని కోర్టు విడుదల చేసియుండెను. మొదటి దినమున మేము పేరు చూచితిమి గాని తీర్పు చూడలేదు.

కావున విచారించువారు పేరుతో పాటు తండ్రిపేరును, వయస్సును, నివాసమును సరిచూడవలెను. కేసు ఎట్లు ముగిసెనో చదువవలెను. ఆ మనిషినే అడుగవలెను. ధ్రువపత్రమును అతని చేతనే తెప్పింపవలెను. విద్యార్థులారా, రేపు మీరును ఉద్యోగపు కాగితములపై వ్రాలు చేయుదురు. కేసేదైన ఉన్నదా యను ప్రశ్నకు నిజమే వ్రాయుడు. చిన్న తప్పును దాచక చెప్పినవానిని యజమాని మన్నింపవచ్చుననియు, దాచుటయే ఉద్యోగమునకు ముప్పు తేగలదనియు 2016లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పియున్నది.

ఆ డ్రైవరు నేడు మన బస్సును నడుపుచున్నాడు. ఆ సాయంకాలమే అతనిని పంపివేసియుండినచో, ఒక్క కాగితమును సరిగా చదువనందుకు ఇద్దరు నిర్దోషులకు అన్యాయము చేసియుందుము.