చలినీటి డైవింగుకు మొదటి డ్రై సూటు



గోపాల్‌పూర్ తీరంలోనో, చెన్నై తీరంలోనో సముద్రంలో దిగి ఆడుకున్న మనవాళ్లకు నీటి చలి అంటే ఏమిటో అంతగా తెలియదు. బంగాళాఖాతంలో పైనీరు ఏడాదిలో చాలా కాలం 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అటువంటి నీటిలో స్కూబా డైవింగ్ చేసేవారు, అంటే వీపున గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు వెళ్లేవారు, పలచని రబ్బరు దుస్తులతో సరిపెట్టుకోగలరు. కాని మన ఇళ్ల పిల్లలు ఇప్పుడు చదువులకనీ, ఉద్యోగాలకనీ బ్రిటన్, నార్వే, కెనడా వెళుతున్నారు. అక్కడ ఈ సరదా పట్టుకున్నవారికి త్వరలోనే ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. డ్రై సూటు కొనాలి. అది ఖరీదైన వస్తువు. తక్కువ డబ్బులో మంచిది ఎలా ఎంచుకోవాలి? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

నేను కొన్నేళ్లు స్కాట్లండ్‌లో ఉద్యోగం చేస్తూ డైవింగ్ నేర్చుకున్నాను. నా మొదటి డ్రై సూటు తెలిసినాయన దగ్గర చవగ్గా దొరికింది. ధర చూశాను, రంగు చూశాను, కొన్నాను. నీళ్లు నిండిన ఒక పాత రాతి క్వారీలో దిగాను. నీరు 6 డిగ్రీలు. 12 మీటర్ల లోతులో వీపు మీద సన్నగా చల్లని ధార మొదలైంది. జిప్పులో ఒక పన్ను వంగి ఉందట, నేను గమనించలేదు. కాసేపటికే లోపలి బట్టలు తడిసి ముద్దయ్యాయి. వేళ్లు కొయ్యబారి చేతి మీది వాల్వు తిప్పలేకపోయాను. నా జతగాడు చూసి, చెయ్యి పట్టుకుని మెల్లగా పైకి తెచ్చాడు కాబట్టి ఈ రోజు మీతో మాట్లాడుతున్నాను. తర్వాత జిప్పు మార్పించడానికి సూటుకు పెట్టినదానికంటే ఎక్కువే అయింది. ఆ పొరపాటు మీరు చెయ్యకూడదనే ఈ మాటలు.

ముందు ఈ సూటు ఎందుకో తెలుసుకుందాం. నీరు మన శరీరంలోని వేడిని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వెట్ సూటు అనేది నియోప్రిన్ అనే నురగ రబ్బరుతో చేసినది. దానిలోకి కొంచెం నీరు వస్తుంది. ఆ పలచని నీటి పొరను మన ఒంటివేడి వెచ్చబెడుతుంది. రబ్బరులోని గాలి బుడగలు ఆ వేడిని పోనివ్వవు. అయితే లోతుకు పోయినకొద్దీ ఆ బుడగలు నలిగిపోతాయి. 30 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి నాలుగు రెట్లు. ఎక్కువ చలి ఉన్నచోటనే వెట్ సూటు పలచబడుతుందన్నమాట. డ్రై సూటు పద్ధతి వేరు. దానిలోకి నీరు రాదు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగుతైన సీళ్లు ఉంటాయి. లోపల వెచ్చని బట్టలు, ఆ బట్టల్లో గాలి. వెచ్చదనం ఇచ్చేది ఆ గాలే.

ఐస్‌లండ్‌లో సిల్‌ఫ్రా అనే నీటి చీలిక ఉంది. ఉత్తర అమెరికా, యూరేసియా భూఫలకాలు విడిపోతున్న చోటు అది. నీరు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీలే. అక్కడ డ్రై సూటు లేనిదే పని జరగదు. స్కాట్లండ్‌కు ఉత్తరాన ఉన్న స్కాపా ఫ్లోలో, 1919 జూన్ 21న జర్మన్ నౌకాదళం తన ఓడలను తానే ముంచుకున్న చోట, వాటి శిథిలాలు చూడబోయేవారు కూడా చాలామంది డ్రై సూట్లే వేసుకుంటారు.

మరి ఇందులో ప్రమాదం ఏమీ లేదా? ఉంది. సూటులోని గాలి లోతుకు పోతే కుంచించుకుపోయి బట్ట ఒంటిని నొక్కుతుంది. అప్పుడు ఛాతీ మీది వాల్వు నొక్కి సిలిండరు గాలి కొంచెం లోపలికి వదలాలి. పైకి వస్తున్నప్పుడు ఆ గాలే ఉబ్బుతుంది. లెక్క చూడండి. 20 మీటర్ల లోతులో సూటులో 4 లీటర్ల గాలి ఉందనుకుందాం. అక్కడ ఒత్తిడి మూడు రెట్లు. ఆ గాలిని బయటికి వదలకుండా పైకి వస్తే అది 12 లీటర్లవుతుంది. అదనంగా వచ్చిన 8 లీటర్లు మనిషిని సుమారు 8 కిలోల బలంతో పైకి తోస్తాయి. పైకి వచ్చినకొద్దీ తోపుడు పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అలా దూసుకువస్తే ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు, రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టవచ్చు. అందుకే ఎడమచేతి పై భాగాన గాలి బయటికి పోయే వాల్వు ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు దాన్ని తెరిచి ఉంచి, ఆ చెయ్యి కాస్త ఎత్తాలి. గాలి కాళ్లవైపు చేరితే తల కిందులై పైకి తేలిపోతారు. దాని నుంచి తిప్పుకోవడం శిక్షణలో నేర్పుతారు. కనుక సూటు కొనడానికి ముందే శిక్షణకు డబ్బు విడిగా తీసిపెట్టుకోండి. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్టు చెయ్యకండి.

ఇక కొనే విషయం. మొట్టమొదట చూడవలసింది కొలత. లోపలి వెచ్చని బట్టలు వేసుకునే సూటు తొడిగి చూడాలి. గొంతుక్కూర్చోండి. రెండు చేతులూ ముందుకు చాచి భుజాలు పట్టుకోండి. ఒక చేత్తో రెండవ భుజం మీది వాల్వు అందుతుందో లేదో చూడండి. ఎక్కడా పట్టేయకూడదు. అలాగని సంచిలా వేలాడకూడదు. ఎందుకంటే వదులు ఉన్నచోటల్లా గాలి అటూ ఇటూ పరుగెడుతుంది. పాదాలు మరీ పెద్దవైతే గాలి అక్కడ చేరి, తలకిందులైనప్పుడు కాలు బూటులోంచి జారిపోతుంది. దుకాణంలో దొరికే కొలతలు మీకు సరిపోకపోతే కొలిపించి కుట్టించుకోవడమే మేలు. రెండుసార్లు కొనడం కంటే అది చవక.

రెండవది బట్ట. మూడు పొరల పలచని బట్టతో చేసిన సూటు తేలిక, త్వరగా ఆరుతుంది, చిల్లు పడితే అతికించడం సులువు. కాని బట్టకు సొంత వెచ్చదనం లేదు. చలి కాచేది లోపలి బట్టలే. నియోప్రిన్ సూటు తానుగా కొంత వెచ్చదనం ఇస్తుంది, ఒంటికి సాగుతుంది. అయితే బరువు, నెమ్మదిగా ఆరుతుంది, మునగడానికి సీసం ఎక్కువ కట్టుకోవాలి. మొదటి సూటుకు రెండూ పనికివస్తాయి. ఇక్కడ ఖరీదైన రకం కోసం ఆరాటపడనక్కరలేదు.

మూడవది సీళ్లు. లేటెక్స్ సీలు మెత్తగా అతుక్కుంటుంది, కాని ఎండకూ, నూనెకూ పాడవుతుంది, కొందరికి ఒంటికి పడదు. సిలికాన్ సీళ్లు ఉంగరం వంటి పట్టీతో వస్తాయి. చిరిగితే కొత్తది మీరే మార్చుకోవచ్చు. నియోప్రిన్ సీళ్లు గట్టివి, వెచ్చనివి. మణికట్టు సన్నగా ఉన్నవాళ్లు మణికట్టు సీలును ప్రత్యేకంగా పరీక్షించుకోవాలి. చెయ్యి తిప్పినప్పుడు నరాల పక్కన పడే గాడిలోంచి నీరు దూరుతుంది. మెడ సీలు కింద ఒక్క వెంట్రుక చిక్కినా నీరు వస్తుంది. మరీ బిగుతైతే కళ్లు తిరుగుతాయి. రెండింటికీ మధ్య ఉండాలి.

నాలుగవది జిప్పు. సూటులో అన్నిటికంటే ఖరీదైన మరమ్మతు ఇదే. భుజాల వెనుక ఉన్న జిప్పును మరొకరు వెయ్యాలి. ముందు ఏటవాలుగా ఉన్నదాన్ని మీరే వేసుకోవచ్చు. లోహపు జిప్పుకు మైనం రాయాలి, ప్లాస్టిక్ జిప్పుకు దానికి చెప్పిన గ్రీజు వెయ్యాలి. ఏదైనా సరే, మడత పెట్టకూడదు.

పాతది కొనడం తప్పు కాదు, పరీక్షించకుండా కొనడం తప్పు. జిప్పు పళ్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూడండి. సీళ్లు జిగటగా మారాయా, సన్నని పగుళ్లు ఉన్నాయా చూడండి. రెండు వాల్వులూ నొక్కి తిప్పి చూడండి. తర్వాత మణికట్లలో సీసాలు, మెడలో ఒక బంతి బిగించి, జిప్పు వేసి, వాల్వు గుండా గాలి నింపి, సబ్బునీళ్లు రాయండి. బుడగలు వచ్చినచోట చిల్లు ఉన్నట్టు. ఆ పరీక్షకు అమ్మేవారు ఒప్పుకోకపోతే వదిలేసి వచ్చేయండి. కొత్త సీళ్లకూ, జిప్పుకూ ఎంతవుతుందో ముందే అడిగి తెలుసుకుని, దాన్ని ధరకు కలిపి లెక్క చూడండి.

లోపలి బట్టల మాట మరువకండి. నూలు బట్ట వద్దు, తడిస్తే చలి పెంచుతుంది. ఉన్ని కాని, పాలియెస్టర్ ఫ్లీస్ కాని ఉండాలి. వీలైతే కొనడానికి ముందు శిక్షణలో అద్దె సూటుతో రెండు మూడుసార్లు దిగండి. మీ ఒంటికి ఏది నప్పుతుందో అప్పుడు తెలుస్తుంది. కొత్త సూటు మొదటి మునక ఈతకొలనులోనో, లోతు తక్కువ చోటనో చెయ్యండి.

జేబులు, రంగులు, పేరున్న కంపెనీ ముద్ర, ఇవన్నీ తగ్గించుకోవచ్చు. కొలత, సీళ్లు, జిప్పు, లోపలి బట్టలు, శిక్షణ, ఈ ఐదింటిలో మాత్రం పిసినారితనం వద్దు. విదేశంలో ఉన్న మీ అబ్బాయో, అమ్మాయో ఫోను చేసి, "నాన్నా, డ్రై సూటు చవగ్గా దొరికింది" అంటే ధర ఎంతని అడగకండి. "జిప్పు చూశావా? గాలి నింపి పరీక్షించావా? నేర్పేవారు ఉన్నారా?" అని అడగండి. ఆ మూడింటికీ అవునన్న జవాబు వస్తేనే అది చవక.