ఊరివాళ్ల ముందు మొదటి సినిమా

హైదరాబాద్ రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్లో తెలంగాణ భాషా సాంస్కృతిక శాఖ 2016లో 'సినివారం' మొదలుపెట్టింది. అప్పటి సంచాలకులు మామిడి హరికృష్ణ చొరవతో వచ్చిన కార్యక్రమం ఇది. శనివారం సాయంత్రం కొత్త దర్శకుల లఘుచిత్రాలు వేస్తారు. బొమ్మ అయిపోగానే దర్శకుడూ అతని బృందమూ తెర ముందుకొచ్చి ప్రేక్షకులతో మాట్లాడతారు. టికెట్ లేదు. సినిమా తీసిన కుర్రాడి అమ్మానాన్నలు, రూమ్మేట్లు, ఉద్యోగం చేసుకుంటూ సినిమా పిచ్చి వదులుకోలేనివాళ్లు, సాహిత్యం చదివేవాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు.

థియేటర్‌కు పెట్టిన పేరు కూడా తగినదే. పైడి జైరాజ్ 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి చేరి, మూకీల కాలంలోనే తెరకెక్కిన నటుడు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. సినిమా కోసం ఆయన అంతదూరం పోవలసి వచ్చింది. ఆయన పేరున్న హాల్లో ఇవాళ్టి పిల్లలు తమ యాసలో, తమ వీధుల్లో తీసిన కథలను తమవాళ్ల మధ్యే చూసుకోగలుగుతున్నారు.

పదిమంది కూడి సినిమా చూసి మాట్లాడుకునే అలవాటు మన దేశంలో పాతదే. సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్తా మరికొందరు మిత్రులతో కలిసి 1947లో కలకత్తా ఫిలిం సొసైటీ పెట్టారు. 1959లో దేశంలోని పలు సొసైటీలు కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. తెలుగునాట హైదరాబాద్ ఫిలిం క్లబ్, కరీంనగర్ ఫిలిం సొసైటీ వంటివి ఆ బాటలో నడిచినవే. 16 ఎంఎం రీళ్లు తెప్పించుకుని, అద్దె ప్రొజెక్టర్ మీద వేసుకుని చూసిన రోజులవి. అయితే ఆ సొసైటీల పని ముఖ్యంగా ప్రపంచ సినిమాను మన ఊరికి తేవడం. లఘుచిత్ర ప్రదర్శనలు మన ఊరి సినిమాను మన ఊరికే చూపిస్తాయి. ఈ రెండోది ఆలస్యంగా రావడానికి కారణం ఖర్చు. ఫిలిం మీద తీసే కాలంలో పది నిమిషాల బొమ్మకైనా నెగెటివ్ కొనాలి, ల్యాబ్‌లో కడిగించాలి, ప్రింట్ వేయించాలి. అది విద్యార్థి భరించే ఖర్చు కాదు.

2008లో కెనన్ 5డి మార్క్ 2 వంటి స్టిల్ కెమెరాలు మంచి వీడియో కూడా తీయడం మొదలుపెట్టాక పరిస్థితి మారింది. కెమెరా అద్దెకు దొరికింది, ఎడిటింగ్ ఇంట్లో కంప్యూటర్ మీదికి వచ్చింది, చూపించడానికి యూట్యూబ్ ఉంది. లఘుచిత్రాలతో చేయి తిరిగిన సుజీత్ 2014లో 'రన్ రాజా రన్'తో దర్శకుడయ్యాడు. 'సైన్మా' తీసిన తరుణ్ భాస్కర్ 2016లో 'పెళ్లిచూపులు'తో వచ్చి, ఉత్తమ తెలుగు చిత్రంతో పాటు మాటలకూ జాతీయ పురస్కారం తెచ్చుకున్నాడు. లఘుచిత్రాల నుంచే వచ్చిన సందీప్ రాజ్ తీసిన 'కలర్ ఫోటో'కూ ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ గుర్తింపు దక్కింది. నిర్మాత ఆఫీసుకు వెళ్లేవాడి చేతిలో ఒకప్పుడు ఫోటో ఆల్బమ్ ఉంటే, ఇప్పుడు షార్ట్ ఫిలిం లింకు ఉంటోంది.

మరి యూట్యూబ్ ఉండగా హాలు ఎందుకు? యూట్యూబ్‌లో ఎంతమంది చూశారో తెలుస్తుంది, ఎక్కడ వదిలేశారో కూడా తెలుస్తుంది. ఎందుకు వదిలేశారో మాత్రం తెలియదు. హాల్లో అది కళ్లముందే జరుగుతుంది. దర్శకుడు గుండె బరువెక్కాలనుకున్న చోట వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వుతారు. కుర్చీలు కిర్రుమంటాయి. ఒక షాట్ నాలుగు సెకన్లు ఎక్కువైందని ఎడిటర్ ఎంత చెప్పినా విననివాడికి, అరవైమంది ఒక్కసారిగా ఫోన్లు తీసినప్పుడు అర్థమవుతుంది. అలాగే తాను పెద్దగా పట్టించుకోని ఒక మాటకు, ఒక అమ్మమ్మ పాత్ర విసుగుకు, హాలంతా గొల్లున నవ్వితే తన బలమేదో తెలిసొస్తుంది. ఈ పాఠం ఇంకే బడిలోనూ దొరకదు.

లోపాలన్నిటిలో ముందు బయటపడేది శబ్దం. ఇంట్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సరిచూసుకున్న చిత్రం పెద్ద స్పీకర్లలో పడగానే మారిపోతుంది. చిత్రీకరణలో ఎవరూ గమనించని సీలింగ్ ఫ్యాన్ హోరు డైలాగు మీద పరుచుకుంటుంది. నేపథ్య సంగీతం మాటలను మింగేస్తుంది. ఒకే గదిలో తీసిన రెండు షాట్ల మధ్య గది నిశ్శబ్దం తేడాగా ఉంటే, కోత పడిన ప్రతిచోటా చెవికి తగులుతుంది. బొమ్మ మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, మాట వినపడకపోతే సర్దుకోడు. తెర మీద చూపించే వాట్సాప్ సందేశాలదీ అదే కథ: ఫోన్‌లో చదవడానికి సరిపోయిన సైజు వెనక వరసవాళ్లకు చీమల బారులా కనిపిస్తుంది. రాత్రి దృశ్యాలు ప్రొజెక్టర్ వెలుతురులో నల్లటి ముద్దగా తేలతాయి. అందుకే అనుభవమున్న నిర్వాహకులు సినిమాలన్నీ ముందురోజే తెప్పించుకుని, అదే ప్రొజెక్టర్ మీద, అదే స్పీకర్లలో ఒకసారి వేసి చూస్తారు. చివరి నిమిషంలో పెన్‌డ్రైవ్ పట్టుకొచ్చిన సినిమా మధ్యలో ఆగిపోతే ఆ రోజు ఆ కుర్రాడి కష్టం వృథా.

ప్రదర్శనకు పెద్ద హంగులు అక్కర్లేదు. బంజారాహిల్స్‌లో 2010 నుంచి నడుస్తున్న లామకాన్ ఒక పాత ఇల్లు. దాని ఆవరణలోనే నాటకాలూ చర్చలూ సినిమా ప్రదర్శనలూ జరుగుతుంటాయి. గ్రంథాలయం హాలు, కాలేజీ సెమినార్ గది, అపార్ట్‌మెంట్ మేడ మీద కట్టిన తెల్లటి గుడ్డ, ఏదైనా చాలు. చీకటి సరిగ్గా ఉండాలి, మాట స్పష్టంగా వినపడాలి. చట్టం సంగతి మాత్రం మరవకూడదు. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగ ప్రదర్శనకు సెన్సార్ ధ్రువపత్రం కావాలి, నిడివి తక్కువైనంత మాత్రాన సినిమాకు మినహాయింపు రాదు. చిత్రోత్సవాలు ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకుంటాయి. అనుమతి లేకుండా వాడుకున్న సినిమా పాట మరో చిక్కు. యూట్యూబ్‌లో అయితే దాని గొంతు నొక్కేస్తారు, పోటీలకు పంపితే పక్కన పెడతారు.

ఇక ఎన్ని సినిమాలు వేయాలన్నది. గంటన్నరలో పది సినిమాలు కుక్కితే ఏదీ గుర్తుండదు. నాలుగైదు చాలు, మిగతా సమయం మాటలకు వదలాలి. ఇలాంటి ప్రదర్శనలు బలహీనపడేది ఇక్కడే. ముఖ్య అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు, గ్రూప్ ఫోటో ముగిసేసరికి ప్రేక్షకులు బస్సు వేళకు లేచిపోతారు. మిగిలినవాళ్లు 'సూపర్ బ్రో' అని భుజం తట్టి వెళ్తారు. ఆ పొగడ్త వల్ల దర్శకుడి రెండో సినిమా మొదటిదానిలాగే ఉంటుంది. సన్మానం తగ్గించి సంభాషణ పెంచిన నిర్వాహకుడే కొత్తవాడికి నిజమైన మేలు చేసినవాడు.

హైదరాబాద్‌లో ఉన్నవాడికి ఈ అవకాశం ఏదో ఒక రూపంలో అందుతుంది. శ్రీకాకుళంలోనో ఆదిలాబాద్‌లోనో సినిమా తీసినవాడు దాన్ని యూట్యూబ్‌లో పెట్టి ఎదురుచూడటం తప్ప చేయగలిగింది తక్కువ. జిల్లా కేంద్ర గ్రంథాలయాలూ డిగ్రీ కాలేజీలూ నెలకు ఒక్క సాయంత్రం ఇస్తే చాలు. అలాంటి ప్రదర్శన మీ ఊళ్లో జరిగిన రోజున ఇంటిల్లిపాదీ వెళ్లండి, చివరిదాకా కూర్చోండి. నచ్చితే ఏది నచ్చిందో చెప్పండి. నచ్చకపోతే ఎక్కడ నచ్చలేదో ఆ పిల్లవాడికి, ఆ పిల్లకు ఎదురుగానే, మెత్తగా చెప్పండి.