‘ఉచిత గర్భ పరీక్ష’: ఆ బోర్డు వెనుక ఏమున్నది?

అమెరికాలోని ఒక నగరం. దుకాణాల వరుసలో శుభ్రమైన అద్దాల తలుపు. దాని మీద అందమైన అక్షరాలు: ‘గర్భవతినేమోనని సందేహమా? ఉచిత పరీక్ష. ఉచిత స్కానింగ్. మీ విషయం గోప్యంగా ఉంచుతాం.’ లోపల మెత్తని సోఫాలు, గోడ మీద పూల చిత్రాలు. తెల్లకోటు ధరించిన ఒక స్త్రీ చిరునవ్వుతో ఎదురు వస్తుంది.

వచ్చిన యువతికి నెల తప్పి కొద్దిరోజులైనది. ఆమె ఒక నిర్ణయానికి వచ్చే ఉన్నది. “గర్భస్రావం చేయించుకోవాలనుకుంటున్నాను. ఎంత ఖర్చవుతుంది?” అని అడుగుతుంది. “ఆ సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు పరీక్ష కానివ్వండి” అని జవాబు వస్తుంది. పరీక్ష అవుతుంది. కరపత్రాలు చేతికి వస్తాయి. ఒక గంట గడుస్తుంది. చివరకు మరొక మాట: “తొందర దేనికి? చాలా గర్భాలు వాటంతట అవే పోతుంటాయి. రెండు వారాలాగి రండి, మళ్ళీ స్కానింగ్ చేద్దాం.”

ఆమె నమ్మి వెళ్లిపోతుంది. ఆ భవనంలో గర్భస్రావం ఎన్నడూ చేయరనీ, చేసే చోటు చిరునామా కూడా చెప్పరనీ ఆమెకు తెలియదు.

ఇది ఏ ఒక్క స్త్రీ కథా కాదు. అమెరికాలో దశాబ్దాలుగా ప్రభుత్వ నివేదికలలోను, పత్రికల పరిశోధనలలోను పదే పదే కనిపిస్తున్న క్రమం ఇది. అక్కడ ఇటువంటి కేంద్రాలు సుమారు రెండువేల అయిదువందలు ఉన్నాయి. గర్భస్రావం చేసే వైద్యశాలలకంటె వీటి సంఖ్య చాలా ఎక్కువ. అధికశాతం కేంద్రాలను గర్భస్రావాన్ని వ్యతిరేకించే మతసంస్థలు, వాటికి అనుబంధమైన సంఘాలు నడుపుతున్నాయి.

అభిప్రాయం వేరు, మారువేషం వేరు

గర్భస్రావం తప్పని నమ్మే హక్కు ఎవరికైనా ఉన్నది. బిడ్డను కనాలని నిశ్చయించుకున్న పేద తల్లులకు ఈ కేంద్రాలు బట్టలు, పాలడబ్బాలు, ఊయలలు ఇచ్చి ఆదుకున్న సందర్భాలూ అనేకం. వాటిలో పనిచేసే స్వచ్ఛంద సేవకులలో చాలామంది చిత్తశుద్ధి కలవారే. తమ నమ్మకాన్ని తలుపు మీదనే రాసుకున్న కేంద్రంతో ఎవరికీ పేచీ లేదు. ఆక్షేపణ అంతా మారువేషం గురించే. వైద్యశాల కానిది వైద్యశాలగా కనిపించడం, సలహా పేరుతో అసత్యాలు చెప్పడం, అన్నిటికంటె మించి, రోజులు గడిచిపోయేటట్లు చేయడం.

ఈ ఉద్యమానికి ఆద్యుడుగా చెప్పదగినవాడు రాబర్ట్ పియర్సన్. 1967లో హవాయిలో ఆయన తొలి కేంద్రాన్ని నెలకొల్పాడు. ఆయన సంస్థ 1984లో ఒక మార్గదర్శక గ్రంథాన్ని ప్రచురించినది. కేంద్రానికి తటస్థమైన పేరు పెట్టండి, గర్భస్రావం చేసే వైద్యశాలకు దగ్గరలో చోటు చూసుకోండి అన్నవి అందులోని సలహాలు. ‘మహిళల’, ‘ఎంపిక’, ‘మార్గాలు’ వంటి మాటలు ఈనాటికీ ఎన్నో బోర్డుల మీద కనిపించడానికి మూలం అటువంటి ఆలోచనే.

2006లో అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు హెన్రీ వాక్స్‌మన్ ఒక నివేదిక తయారు చేయించాడు. కేంద్ర ప్రభుత్వ నిధులు పొందుతున్న ఇటువంటి కేంద్రాలకు పరిశోధకురాళ్లు ఫోను చేసి, పదిహేడేళ్ల గర్భవతులమని చెప్పి సలహా అడిగారు. 23 కేంద్రాలు మాట్లాడగా, వాటిలో 20 కేంద్రాలు తప్పుడు సమాచారమో, దారి తప్పించే సమాచారమో ఇచ్చాయి.

భయపెట్టే మాటలు, వైద్యశాస్త్రం

ఆ అసత్యాలలో మూడు మరీ తరచుగా వినవస్తాయి.

మొదటిది, గర్భస్రావం వల్ల రొమ్ము కాన్సరు వస్తుందనడం. అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ 2003 ఫిబ్రవరిలో వందమందికి పైగా నిపుణులను సమావేశపరచి ఈ ప్రశ్నను పరిశీలించినది. గర్భస్రావానికీ, రొమ్ము కాన్సరు ముప్పు పెరగడానికీ సంబంధం లేదని వారు తేల్చారు.

రెండవది, జీవితాంతం మనోవ్యాధి వెంటాడుతుందనడం. అమెరికా మనస్తత్వవేత్తల సంఘం 2008లో ఉన్న అధ్యయనాలను సమీక్షించినది. వయోజనురాలైన స్త్రీ అనుకోకుండా వచ్చిన గర్భాన్ని మొదటి మూడు నెలలలో ఒకసారి తొలగించుకుంటే, ఆ గర్భాన్ని మోసి కన్న స్త్రీకంటె మానసిక ఆరోగ్యానికి ఎక్కువ ముప్పు ఉండదని ఆ సంఘం నిర్ణయం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ పరిశోధకులు సుమారు వెయ్యిమంది స్త్రీలను అయిదేళ్ల పాటు పరిశీలించారు. గర్భస్రావం చేయించుకున్నవారిలో అత్యధికులు తమ నిర్ణయం సరియైనదేనని చెప్పారు.

మూడవది కొత్తది. గర్భస్రావానికి వేసుకున్న మొదటి మాత్ర ప్రభావాన్ని ప్రొజెస్టరాన్‌తో వెనుకకు మళ్లించవచ్చుననడం. దీనికి శాస్త్రీయమైన ఆధారం లేదని అమెరికా స్త్రీవైద్య నిపుణుల సంఘం ప్రకటించినది. ఈ విషయం తేల్చడానికి కాలిఫోర్నియాలో నలభైమందితో ఒక పరిశోధన తలపెట్టారు. పన్నెండుమంది చేరేసరికే ముగ్గురికి తీవ్రమైన రక్తస్రావం కావడంతో 2019లో దానిని ఆపివేయవలసివచ్చినది.

పోయిన రోజులు తిరిగి రావు

అసత్యాన్ని తరువాతనైనా దిద్దుకోవచ్చు. గడిచిన వారాలను ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

గర్భం వయస్సును వైద్యులు చివరి బహిష్టు మొదటి రోజునుంచి లెక్కిస్తారు. కనుక నెల తప్పిన రోజుకే నాలుగు వారాలు నిండినట్లు లెక్క. 2022 జూన్ 24న అమెరికా సుప్రీం కోర్టు గర్భస్రావానికి రాజ్యాంగ రక్షణ లేదని తీర్పు చెప్పి, 1973నాటి తన తీర్పును తానే రద్దు చేసినది. ఆపైన కొన్ని రాష్ట్రాలు పూర్తి నిషేధం విధించాయి. ఫ్లోరిడాలో 2024 మే 1న అమలులోకి వచ్చిన చట్టం ఆరు వారాలను గడువుగా నిర్ణయించినది. అంటే నెల తప్పిన తరువాత స్త్రీకి మిగిలేది సుమారు రెండు వారాలు మాత్రమే. ‘రెండు వారాలాగి రండి’ అన్న ఒక్క సలహా ఆ గడువును పూర్తిగా మింగివేస్తుంది. మాత్రల విషయమూ అంతే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో వాటి వినియోగాన్ని పది వారాల వరకు అనుమతించినది. ఆ హద్దు దాటితే దారి మరింత దూరమూ, ఖర్చూ అవుతుంది.

బిడ్డ కావాలనుకునే స్త్రీకి కూడా ఈ కాలహరణం ప్రమాదమే. నూటికి సుమారు రెండు గర్భాలు గర్భాశయం వెలుపల ఏర్పడతాయి. సకాలంలో కనిపెట్టకపోతే అవి ప్రాణాంతకం. శిక్షణ చాలనివారు చేసిన ‘ఉచిత స్కానింగ్’ చూసి అంతా సవ్యంగా ఉన్నదని నమ్మిన గర్భవతి అసలు వైద్యుని వద్దకు వెళ్లడమే మానివేయవచ్చు. పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, భుజంలో నొప్పి, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే ఏ కేంద్రాన్నీ నమ్ముకొని కూర్చోకూడదు. తక్షణం ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

పెద్దగా కాపాడదు. గర్భస్రావంతో సహా సేవలు రాష్ట్ర పథకాల ద్వారా ఉచితంగానో తక్కువ ఖర్చుతోనో లభిస్తాయని లైసెన్సు ఉన్న కేంద్రం తెలపాలని, లైసెన్సు లేని కేంద్రం ఆ సంగతి చెప్పాలని కాలిఫోర్నియా 2015లో చట్టం చేసినది. అది వాక్‌స్వాతంత్య్రానికి భంగకరం కావచ్చునంటూ 2018 జూన్ 26న సుప్రీం కోర్టు అయిదుగురు, నలుగురు న్యాయమూర్తుల తేడాతో దానిని అడ్డుకున్నది. మోసపూరితమైన పద్ధతులను శిక్షించడానికి ఇల్లినాయ్ 2023లో చేసిన చట్టం అదే సంవత్సరం న్యాయస్థానంలో ఆగిపోయినది. మరొకవైపు, టెక్సస్ వంటి రాష్ట్రాలు ఇటువంటి కేంద్రాలకు ప్రభుత్వ నిధులనే సమకూర్చుతున్నాయి. అమెరికా వైద్యసంఘం నీతిశాస్త్ర పత్రికలో 2018లో వెలువడిన ఒక వ్యాసం సారాంశం ఇది: ఈ కేంద్రాలు చట్టసమ్మతమే కాని నీతిసమ్మతం కావు.

గోప్యత విషయంలోనూ జాగ్రత్త అవసరం. రోగుల వివరాలను కాపాడే 1996నాటి కేంద్ర చట్టం బీమా సంస్థలతో లావాదేవీలు జరిపే వైద్యులకు, ఆసుపత్రులకు వర్తిస్తుంది. అన్నీ ఉచితంగా ఇచ్చే ఈ కేంద్రాలలో అధికభాగం దాని పరిధిలోకి రావు. కనుక దరఖాస్తు మీద రాసి ఇచ్చిన పేరు, ఫోను నంబరు, చివరి బహిష్టు తేదీ ఎవరి చేతికి చేరుతాయో చెప్పడం కష్టం.

తెలుగు ఇంటి ఆడపడుచుకు

టెక్సస్‌లోను, ఇతర రాష్ట్రాలలోను తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో స్థిరపడ్డాయి. పెళ్లయి కొత్తగా అక్కడికి వెళ్లిన అమ్మాయికి తనదంటూ ఒక డాక్టరు ఉండదు. బీమా వ్యవహారం అర్థం కాదు. సంగతి అత్తవారి చెవిన పడుతుందేమోనన్న బెరుకు ఒకటి. అటువంటి సమయంలో ‘ఉచితం, గోప్యం’ అన్న బోర్డు దేవుడు చూపిన దారివలె కనిపిస్తుంది.

భారతదేశంలో 1971నాటి చట్టం నిర్ణీత పరిస్థితులలో, గుర్తింపు పొందిన వైద్యుని చేత, అనుమతి ఉన్న చోట గర్భవిచ్ఛిత్తిని అనుమతిస్తున్నది. 2021నాటి సవరణ ప్రకారం ఇరవై వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలును. కొన్ని వర్గాల స్త్రీలకు గడువు ఇరవైనాలుగు వారాలు. ఈ పద్ధతికి అలవాటుపడి వెళ్లిన అమ్మాయికి, క్లినిక్‌వలె కనిపించేది క్లినిక్ కాకపోవచ్చునన్న అనుమానమే కలగదు. అక్కడి చట్టం రాష్ట్రానికొక తీరుగా ఉంటుందని, గడువు వారాలలో ఉంటుందని ఆమెకు ముందే తెలియడం మేలు.

అడుగు పెట్టకముందు

1. ఫోనులోనే సూటిగా అడగండి: “మీరు గర్భస్రావం చేస్తారా? లేకపోతే చేసే చోటికి పంపుతారా?” నిజమైన వైద్యశాల అవుననో కాదనో చెబుతుంది. “ముందు రండి, మాట్లాడుకుందాం” అన్న మాటే జవాబైతే దానిని ‘కాదు’ అనే అర్థం చేసుకోండి.

2. వైద్యశాలగా లైసెన్సు ఉన్నదా, స్కానింగ్ చూసే డాక్టరు పేరేమిటి అని అడగండి. తెల్లకోటు అర్హతపత్రం కాదు.

3. ప్రకటన అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవండి. ‘మేము గర్భస్రావం చేయము, సిఫారసు చేయము’ అన్న వాక్యం తరచు అక్కడే దాగి ఉంటుంది. గూగుల్ సంస్థ 2022 ఆగస్టులో తన శోధన ఫలితాలలో గర్భస్రావం చేసే చోటేదో, చేయకపోవచ్చునన్నదేదో సూచించే ఏర్పాటు ప్రకటించినది. ఆ సూచనను కూడా గమనించండి.

4. కాన్సరనీ, ఇక పిల్లలు పుట్టరనీ భయపెడితే, లేక ఆగమని ఒత్తిడి చేస్తే, లేచి రండి. ఆగమన్నది వైద్యపరమైన సలహా అయితే దానిని మరొక డాక్టరు చేత నిర్ధారించుకోవచ్చు.

5. గర్భం వయస్సు తెలిపే నివేదికను, సంతకంతో సహా, చేతికి ఇవ్వమనండి. చివరి బహిష్టు తేదీని స్వయంగా రాసి ఉంచుకొని లెక్క సరిచూసుకోండి.

ఉచితమైనంత మాత్రాన ప్రతిదీ మోసం కాదు. నిజమైన వైద్యశాలలు కొన్ని పేదలకు ఉచితంగానే సేవ చేస్తున్నాయి. గుర్తు ధరలో లేదు, జవాబులో ఉన్నది. బిడ్డను కనడం, దత్తత ఇవ్వడం, గర్భం తొలగించుకోవడం అన్న మూడు దారులనూ వివరించి, నిర్ణయం ఆమెకే వదిలేది మంచి సలహా కేంద్రం.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదు. గర్భస్రావం తప్పో ఒప్పో అన్న వాదం ఈనాటితో తీరేది కాదు. ఒక స్త్రీ తన జీవితం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా, నిజం తెలిసి, సమయం ఉండగా తీసుకోవాలన్న విషయంలో మాత్రం ఇరుపక్షాలకూ భేదాభిప్రాయం ఉండనక్కరలేదు. తలుపు తట్టకముందు ఒక్క ప్రశ్న అడిగితే ఆ సమయం దక్కుతుంది.