మీకు తెలుసా? డేటాబేస్‌కు తెలియని ఫసలీ

హైదరాబాద్‌లో బషీర్‌బాగ్ నుంచి ఆబిడ్స్ మీదుగా నాంపల్లి స్టేషన్ రోడ్డుకు వెళితే భూపరిపాలన ప్రధాన కమిషనర్ కార్యాలయం వస్తుంది. ఈ శాఖ పహాణీల్లో (భూమి రికార్డుల్లో) ఏడాదిని ఫసలీ అనే రెవెన్యూ క్యాలెండర్‌లో రాయడం నిజాం కాలం నుంచీ ఉన్న వాడుక. 1907 నాటి భూ రెవెన్యూ చట్టం పేరులోనే 1317 ఫసలీ అని ఉంటుంది. ఇలాంటి రికార్డులను కంప్యూటర్‌కు ఎక్కించేవారు ‘డిఫాల్ట్ డేట్ ఫార్మాట్’ (మనం చెప్పకపోతే డేటాబేస్ తేదీని చదివే, చూపే తీరు) సంగతి తప్పక తెలుసుకోవాలి.

ఒరాకిల్ డేటాబేస్ తేదీని 7 బైట్లలో దాస్తుంది: శతాబ్దం, ఏడాది, నెల, రోజు, గంట, నిమిషం, సెకను. మనకు కనిపించే 05-07-2017 అన్నది చూపించే తీరు మాత్రమే. ఆల్టర్ సెషన్ ఆదేశంతో ఈ తీరును, అంటే ‘ఎన్‌ఎల్‌ఎస్ డేట్ ఫార్మాట్’ను మార్చినా టేబుల్‌లో ఒక్క బైటూ కదలదు. సర్వర్‌లో మార్చాక కూడా మన కంప్యూటర్లో పాత రూపమే కనిపిస్తోందంటే, ఇక్కడి సెట్టింగు దాన్ని తోసిపుచ్చుతోందని అర్థం.

చూపించడం కన్నా చదువుకోవడంలోనే అసలు ప్రమాదం. ఒరాకిల్ అమెరికా సెట్టింగులో ఏడాదికి రెండంకెలే. హైదరాబాద్ సంస్థానం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17ను ‘48’ అని ఎక్కిస్తే ఒరాకిల్ దాన్ని 2048గా తీసుకుంటుంది. 50 నుంచి 99 వరకే గత శతాబ్దం కింద లెక్క. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ, పోస్ట్‌గ్రెస్‌లోనూ నెల ముందుండే సెట్టింగులో 05-07 అని రాసిన జులై 5 కాస్తా మే 7 అయిపోతుంది. హెచ్చరిక కూడా రాదు. రోజు 12 దాటితేనే తప్పు బయటపడుతుంది. అందుకే డిఫాల్ట్‌ను నమ్ముకోకుండా, ప్రతి ఆదేశంలోనూ ఫార్మాట్‌ను విడమరిచి రాయడమే క్షేమం.

మరి ఫసలీ? ఒరాకిల్‌లో పర్షియన్, హిజ్రీ, థాయ్ బౌద్ధ క్యాలెండర్లు ఉన్నాయి గానీ ఇది లేదు. లెక్క మనమే కట్టాలి. 1427 ఫసలీ అంటే 2017 జులై 1 నుంచి 2018 జూన్ 30 వరకు. కాబట్టి ఇంగ్లిష్ ఏడాదిలోంచి జులై నుంచి డిసెంబర్ దాకా 590, జనవరి నుంచి జూన్ దాకా 591 తీసేయాలి. నిజాం కాలంలోనైతే ఏడాది అక్టోబర్‌లో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. అందువల్ల ఫసలీని తేదీ కాలమ్‌లో ఇరికించకూడదు. దానికి విడి కాలమ్ పెట్టి, ఆ ఏడాది మొదటి రోజునూ చివరి రోజునూ పక్కనే నమోదు చేయాలి.