ఉల్లికి ఆప్తమిత్రం, క్యాబేజీకి అక్కరలేనిది: వేరు శిలీంధ్రం

ఉల్లి మొక్కను పీకి వేర్లు చూడండి. పొట్టిగా, పలచగా ఉంటాయి. మూలకేశాలు పెద్దగా కనిపించవు. ఇంత బలహీనమైన వేర్లతో ఉల్లి నేలలోని భాస్వరాన్ని ఎలా సంపాదించుకుంటోంది?

భాస్వరం నేలలో సులువుగా కదిలే పోషకం కాదు. ఆమ్ల నేలల్లో ఇనుము, అల్యూమినియంతోనూ, సున్నపు నేలల్లో కాల్షియంతోనూ బిగుసుకుపోతుంది. వేరు చుట్టూ కొద్ది మిల్లీమీటర్ల మేర ఉన్నది అయిపోతే, ఆ అవతల ఎంత ఉన్నా మొక్కకు అందదు. మనం వేసే డీఏపీలోని భాస్వరంలోనూ చాలా భాగం ఇలాగే నేలలో చిక్కుకుంటుంది.

ఆ దూరాన్ని దాటించేవే ఆర్బస్కులర్ మైకోరైజా శిలీంధ్రాలు. రైతులకు 'వామ్' అంటే తెలుస్తుంది. వెంట్రుక కంటే ఎంతో సన్నని వీటి పోగులు వేరు చేరలేని సందుల్లోకి చొరబడి భాస్వరాన్ని, జింకును మోసుకొస్తాయి. వేరు కణాల్లోపల బుల్లి చెట్టులా కొమ్మలు వేసి, అక్కడ సరుకు అప్పగించి, బదులుగా చక్కెరలు, కొవ్వులు పుచ్చుకుంటాయి. స్కాట్లాండ్‌లోని రైనీ దగ్గర దొరికిన దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ బుల్లి చెట్లు కనిపించాయి. అంటే ఇది డీఏపీ కంటే చాలా పాత ఏర్పాటు!

బతికున్న వేరు లేకుండా ఈ శిలీంధ్రం పెరగదు. అందుకే తరచూ జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేర్ల మీద పెంచి, ఆ మట్టినీ వేరు ముక్కలనూ కలిపి జీవన ఎరువుగా అమ్ముతారు. టమాటా, వంగ, మిరప, ఉల్లికి నారుమడిలోనే, విత్తనం కింద పడేలా వేయడం మేలు. మొలిచిన వేరు దానికి తగలాలి కదా. పొలమంతా చల్లితే ఖర్చే ఎక్కువ.

అయితే క్యాబేజీ, క్యాలీఫ్లవర్, ముల్లంగి, పాలకూర, బీట్‌రూట్ ఈ స్నేహం చేయవు. వాటికి కొంటే డబ్బు దండగ.

ఇంకో చిక్కు ఉంది. భాస్వరం చాలనప్పుడు మొక్క వేర్ల నుంచి స్ట్రైగోలాక్టోన్లు అనే పదార్థాలు వదిలి శిలీంధ్రాన్ని పిలుస్తుంది. (ఇదే పిలుపు విని టమాటా, వంగ వేర్లను పీల్చే పొగాకు మల్లె విత్తనాలూ మేలుకొంటాయి, అది వేరే కథ.) భాస్వరం దండిగా ఉంటే పిలుపు తగ్గిపోతుంది. ఒక చేత్తో వామ్, మరో చేత్తో పూర్తి మోతాదు డీఏపీ వేస్తే మొదటిది వృథా కావచ్చు.

'ఎరువుకు ప్రత్యామ్నాయం' అన్న మాటను కాస్త తగ్గించి వినాలి. ఈ శిలీంధ్రం గాలిలోని నత్రజనిని స్థిరీకరించదు, లేని భాస్వరాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని అందిస్తుంది, అంతే. కాబట్టి ముందు భూసార పరీక్ష చేయించాలి. భాస్వరం ఎరువు ఎంత తగ్గించవచ్చో దాన్నిబట్టే తేలుతుంది. స్థానిక శిలీంధ్రాలు ఇప్పటికే బాగా ఉన్న నేలలో కొన్న పొడికి తేడా కనిపించకపోవచ్చు కూడా. మొదటి ఏడాది నాలుగు సాళ్లు వామ్ లేని నారుతో నాటి, మిగతా సంరక్షణ అంతా ఒకేలా చేసి, కోతప్పుడు రెంటినీ విడివిడిగా తూచి చూడండి.