ముద్రిత పత్రములకు లామినేషను: ఎంత మందము తగును?

ప్రతి సంవత్సరము జూన్ మాసమున పాఠశాల తెరచిన మొదటి వారములోనే మా యుపాధ్యాయులకు ఒక పని యెదురగును. చిన్న తరగతుల గోడలకు అక్షరమాల పటములు, ఎక్కముల పట్టికలు, ప్రయోగశాలకు జాగ్రత్తల పత్రములు, పిల్లల మెడలకు గుర్తింపు కార్డులు సిద్ధపరచి, వానికి ప్లాస్టిక్ పొర వేయించవలయును. దీనినే లామినేషను అందురు. "ఎన్ని మైక్రాన్లది వేయమంటారు?" అని జిరాక్సు దుకాణదారుడు అడుగును. మనలో పెక్కుమంది "గట్టిది వేయండి" అని మాత్రము చెప్పి ఊరకుందురు. మేమును చాలకాలము అట్లే చెప్పితిమి. ఆ జవాబు ఏల చాలదో, సరియైన జవాబును ఎట్లు కనుగొనవలయునో ఈ వ్యాసమున విశదపరచెదము.

మొదట మైక్రాను అననేమో తెలిసికొందము. ఒక మిల్లీమీటరును వేయి సమభాగములు చేసిన అందొక భాగము మైక్రాను. మనము నిత్యము వాడు జిరాక్సు కాగితము సుమారు 100 మైక్రానుల మందముండును. అట్టి పది కాగితములు పేర్చిన ఒక మిల్లీమీటరగును. దుకాణములలో దొరకు లామినేషను పౌచులు సాధారణముగా 80, 100, 125, 150, 175, 250 మైక్రానుల మందములలో నుండును. ఇచ్చట ఒక మెలిక గలదు. పౌచుల పెట్టెపై అచ్చువేసిన సంఖ్య సాధారణముగా ఒక ప్రక్క పొరకు చెందినది. కాగితమునకు రెండు ప్రక్కలను పొర పడును గదా! కావున 125 మైక్రానుల పౌచిలో పెట్టిన కాగితము మొత్తము 350 మైక్రానులగును. కొందరు వర్తకులు ఆ పౌచినే రెండు ప్రక్కలు కలిపి 250 అని చెప్పుదురు. "ఇది ఒక ప్రక్క లెక్కయా, రెండు ప్రక్కల లెక్కయా?" అని అడిగి తెలిసికొనుట మంచిది. అమెరికా దేశపు సరకుపై "మిల్" అను కొలత కనబడును. అది మిల్లీమీటరు కాదు. అంగుళములో వేయవ వంతు, అనగా 25.4 మైక్రానులు. 3 మిల్ అనగా సుమారు 75, 5 మిల్ అనగా సుమారు 125, 10 మిల్ అనగా సుమారు 250 మైక్రానులని గుర్తుంచుకొనవలయును.

ఈ పొర చూచుటకు ఒకటిగా నున్నను నిజమునకు రెండు. వెలుపలిది పాలియెస్టరు. అది గట్టిది, నీటిని లోనికి రానీయనిది. లోపలిది వేడికి కరగు జిగురు. యంత్రములోని వేడి రోలర్ల నడుమ పౌచి నడచునపుడు జిగురు కరగి కాగితపు నారలలోనికి దిగి, చల్లారిన పిమ్మట గట్టిపడును. ఒకే మందముగల రెండు రకముల పౌచులలో ఒకదానియందు పాలియెస్టరు ఎక్కువగాను, వేరొకదానియందు జిగురు ఎక్కువగాను ఉండవచ్చును. బిరుసుదనమిచ్చునది పాలియెస్టరు, పట్టునిచ్చునది జిగురు. కావున సంఖ్యయొక్కటే చూచి మోసపోక, నమూనాను వ్రేళ్లతో వంచి చూడవలయును.

మందము పెరిగినకొలది బిరుసుదనము ఏ లెక్కను పెరుగును? ఒకే పదార్థముతో చేసిన రేకు మందము రెండింతలైనచో, దానిని వంచుటకు కావలసిన బలము రెండింతలు గాక ఎనిమిదింతలగును. మందముయొక్క ఘనమును బట్టి బిరుసుదనము పెరుగునని పై తరగతుల విద్యార్థులు గ్రహింపగలరు. లామినేషనులో కాగితము, జిగురు, పాలియెస్టరు కలిసియుండుటచే లెక్క సరిగా ఇంతే కాకపోవచ్చును. కాని పోకడ ఇదియే. అందుచేతనే 125 నుండి 250కి పోయినచో వస్తువు స్వభావమే మారిపోవును. మొదటిది వంచిన వంగును. రెండవది పలకవలె నిలుచును.

ఈ సంగతి తెలియక ఒక సంవత్సరము మేము గోడపటములన్నిటికి 250 మైక్రానుల పొర వేయించితిమి. ఎక్కువ వెల యిచ్చితిమి గనుక ఎక్కువ కాలము మన్నునని తలంచితిమి. బరువునకు అంటుపట్టీలు నిలువక పటములు ఒక్కొక్కటిగా గోడనుండి జారిపడెను. వేసవి సెలవులకు చుట్టిపెట్టబోగా చుట్టుకొనలేదు. బలవంతముగా చుట్టినవాని అంచులు విచ్చుకొనెను. వాడి మూలలు పసిపిల్లల చేతులకు గ్రుచ్చుకొనెను. మరుసటి సంవత్సరము ఖర్చు తగ్గింప దలచి గుర్తింపు కార్డులకు 80 మైక్రానులది వేయించితిమి. దసరా సెలవులు రాకమునుపే అవి పిల్లల జేబులలో ముడతలుపడి, తాడు గ్రుచ్చిన రంధ్రమువద్ద చినిగిపోయెను. రెండు పర్యాయములును పొర మంచిదే. దానిని కోరిన మా తెలివి తక్కువది.

కావున పొరను కోరుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలయును. ఈ పత్రము ఎచ్చట నుండును: గోడమీదనా, చేతిలోనా, జేబులోనా? దీనిని మడచుటగాని చుట్టుటగాని కలదా? ఇది ఎన్నినాళ్లు ఉండవలయును? ఈ మూటికి జవాబు దొరికిన మందము దానంతట అదియే తేలును.

గోడకు తగిలించి, ఏటేట చుట్టి దాచు పటములకును, ఫైలులో పెట్టు పత్రములకును 80 మొదలు 100 మైక్రానులు చాలును. పలువురి చేతులు మారునవి, అనగా ప్రయోగశాల పట్టికలు, గ్రంథాలయ నియమములు, పిల్లలు బల్లపై పెట్టుకొని చదువు పాఠపు కార్డులు, వీనికి 125 తగును. ఇది కొంత వంగును, కాని నలుగదు. అన్నిటికి ఒకటే కొనవలసివచ్చినచో మేము దీనినే కొందుము. ఆరుబయట ఎండవానలకు నిలువవలసిన సూచనలకు 150 గాని 175 గాని మేలు. అయినను ఎండకు అచ్చు రంగు వెలయుటను ఏ మందమును పూర్తిగా ఆపజాలదు. మెడలో వ్రేలాడు గుర్తింపు కార్డులకు 250 సరిపోవును. దళసరి కార్డు కాగితము 300 మైక్రానులున్నచో, రెండు ప్రక్కల పొరతో 800 అగును. బ్యాంకు కార్డు మందము 760 మైక్రానులు. కావున చేతికి ఇంచుమించు అట్లే తోచును. అట్టి కార్డుల మూలలను గుండ్రముగా కత్తిరించుట మరువరాదు. ఒక వారము మాత్రము ఉండు ప్రకటనకు పొరయే అనవసరము. పొర వేసిన కాగితమును మామూలు కాగితముతో కలిపి మరల కాగితముగా చేయుట కుదరదు. అది చెత్తయై మిగులును.

మందమెంత సరిగా కోరినను పని సరిగా జరుగనిచో ఫలము లేదు. దళసరి పొరకు వేడి ఎక్కువగాను, నడక నెమ్మదిగాను ఉండవలయును. వేడి చాలనిచో పాలవలె తెల్లని మచ్చలు కనబడును. పలుచని పొరకు వేడి మించినచో ముడతలును అలలును పడును. వ్యర్థపు కాగితముపై ఒకసారి పరీక్షించి చూచుట మేలు. పౌచి మూసియున్న అంచును ముందుగా యంత్రములోనికి పంపవలయును. కాగితముచుట్టు కనీసము మూడు మిల్లీమీటర్ల పొర మిగులునట్లు కత్తిరింపవలయును. కాగితపు అంచువరకు కత్తిరించినను, కాగితముగుండ రంధ్రము గ్రుచ్చినను వానకాలపు తేమ ఆ దారినే లోపలికి ప్రాకును. దీపపు వెలుతురు నేరుగా పడు గోడపై మెరుపు పొర కండ్లకు మిరుమిట్లు గొలుపును. వెనుక బల్లలవారు చదువుటకు మెరుపులేని మ్యాట్ పొర మంచిది.

ఇక ఈ వ్యాసమున ముఖ్యమైన మాట. కొన్ని పత్రములకు తగిన మందము సున్న.

కొన్ని యేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు పదవ తరగతి ముగించి కళాశాలలో చేరబోయెను. అతని తండ్రి కూలిపని చేసి జీవించువాడు. కుమారుని ధ్రువపత్రము చేతికి రాగానే దుకాణమునకు తీసికొనిపోయి పొర వేయించెను. "నలగకుండ, తడవకుండ ఉండాలని అన్నిటికన్న దళసరిది వేయమన్నానండి, మాష్టారూ" అని మాతో సంతోషముగా చెప్పెను. పిమ్మట ఆ పత్రముపై ఒక కార్యాలయమున ముద్ర వేయవలసివచ్చెను. ప్లాస్టిక్ పై సిరా నిలువలేదు. పొర లేవనెత్తబోగా కాగితపు పై పొరయు అక్షరములతోకూడ ఊడివచ్చెను. నకలు పత్రము కొరకు ఆ తండ్రి ఎన్నో దినములు కూలి పోగొట్టుకొని తిరిగెను. ఆ తప్పు ఆయనది కాదు. పత్రమును చేతికిచ్చుచు ఒక్క మాట చెప్పని మాది.

పొరలోని జిగురు కాగితపు నారలలో దిగియుండునని పైని చెప్పితిమి. దాని బలమే దాని ప్రమాదము. అది వేయుటకేగాని తీయుటకు కాదు. ఈ పాఠమును పెద్ద గ్రంథాలయములును కష్టపడియే నేర్చుకొన్నవి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున విలియం బ్యారో (1904-1967) అనునాతడు 1930 దశకమున పాత పత్రములకు సెల్యులోజ్ అసిటేట్ రేకును వేడితో అదిమి అంటించు పద్ధతిని ప్రచారములోనికి తెచ్చెను. న్యూఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారమువారు 1950 దశకమున యంత్రము అవసరము లేకుండ, అసిటోను ద్రవముతో అదే రేకును చేతితోనే అంటించు పద్ధతిని కనిపెట్టిరి. అసిటేట్ రేకు అసిటోనులో కరగును గనుక, శ్రమపడియైనను దానిని తీయవచ్చును. నేటి దుకాణపు పాలియెస్టరు పొర అసిటోనులో కరగదు. ఆ పిమ్మట నిపుణులు పాత పత్రములకు ఏ పొరను అంటించుటయైనను మానుచు వచ్చిరి. 1970 దశకమునుండి రెండు పాలియెస్టరు రేకుల నడుమ కాగితమును ఊరక ఉంచి, అంచులను మాత్రము మూయు పద్ధతి వ్యాపించెను. అంచు కత్తిరించిన కాగితము చెక్కుచెదరక బయటికి వచ్చును. మన పూర్వులు తాటాకు గ్రంథములకు పైన క్రింద చెక్కపలకలుంచి త్రాటితో కట్టుటలోను ఇదే న్యాయము గలదు. కట్టిన ముడి విప్పుటకు వీలుండవలయును.

కావున తల్లిదండ్రులకు మా మనవి. జనన పత్రము, మార్కుల పత్రము, బదిలీ పత్రము, భూమి దస్తావేజు, పాత ఛాయాచిత్రము, వీనికి లామినేషను చేయింపవలదు. ఇవి అంటుకొనని ప్లాస్టిక్ తొడుగులో, ఫైలులో పొడిచోట భద్రపరచుడు. కావలసినచో వాని జిరాక్సు ప్రతికి 125 మైక్రానుల పొర వేయించుకొని దానిని వెంట త్రిప్పుడు. బస్సు టికెట్టు, ఏటీఎం చీటి వంటి ఉష్ణ కాగితములు రోలర్ల వేడికి నల్లబడిపోవును. వానిని యంత్రములో పెట్టనేరాదు.

విద్యార్థులారా! మీరును దుకాణమునకు పోవుదురు గదా! "ఎన్ని మైక్రాన్లు?" అని అడిగినప్పుడు ఒక నిమిషము ఆలోచించి, పత్రమును త్రిప్పిచూచి, దీనికి మరల ముద్రగాని సంతకముగాని కావలసివచ్చునా యని ప్రశ్నించుకొనుడు. ఇంటికి పోయి మీ తల్లిదండ్రులకును ఈ సంగతి చెప్పుడు. ఇప్పుడు మేము ధ్రువపత్రము చేతికిచ్చునప్పుడెల్ల ఈ మాట చెప్పియే ఇచ్చుచున్నాము.